జూనిపర్ బోన్సాయ్: మొక్క ఎంచుకోవడం నుంచి కొమ్మలు వంచడం దాకా

జూనిపర్ అంటే పైన్, దేవదారు లాగా ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు. దానితో ఉన్న చిక్కు ఏమిటంటే, అది చచ్చిపోయినా ఆ సంగతి చాలా రోజుల దాకా బయటపడదు. వేళ్ళు కుళ్ళిపోయాక కూడా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. "మొన్నటిదాకా బాగానే ఉందండీ, ఉన్నట్టుండి ఎండిపోయింది" అని కొత్తగా పెంచేవాళ్ళు వాపోతుంటారు. ఉన్నట్టుండి ఏమీ కాదు. ఎండిన రంగు మన కంటపడేసరికి ఆ చెట్టు పోయి నెల దాటి ఉండొచ్చు.

అందుకే జూనిపర్ దగ్గర తొందర పనికిరాదు. మనం చేసిన పని దానికి పడిందో లేదో తెలియడానికే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆలోపే ఇంకో పని పెట్టుకుంటే రెండు దెబ్బలకూ కలిపి తట్టుకోలేదు. కింద చెప్పబోయే పనులన్నిటికీ ఇదే కట్టుబాటు: ఒక సీజన్‌లో ఒకే పెద్ద పని. ఆకు బాగా తగ్గించడం ఒక పెద్ద పని, లావు కొమ్మలు వంచడం ఒకటి, వేళ్ళు కత్తిరించి కుండీ మార్చడం ఇంకొకటి. నర్సరీ నుంచి తెచ్చిన రోజే మూడూ చేసేసి సాయంత్రానికి ఫొటో తీసుకునే పద్ధతి వీడియోలకు బాగుంటుంది, చెట్టుకు బాగుండదు.

ఏ మొక్క తీసుకోవాలి

బోన్సాయ్‌కి వాడే జూనిపర్లలో ఆకు రెండు రకాలు. ఒకటి ముట్టుకుంటే గుచ్చుకునే సూదుల ఆకు. రెండోది పొలుసులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మెత్తగా, తాడులా ఉండే ఆకు. ఎక్కువగా దొరికే ప్రోకంబెన్స్ నానా సూదుల రకం. నేల మీద పాకే స్వభావం ఉన్నది, గట్టిది, మొదటి చెట్టుగా పనికొస్తుంది. చైనీస్ జూనిపర్‌లో షింపాకు అనే రకానిది పొలుసుల ఆకు. అందులోనూ ఇటోయిగావా, కిషూ రకాలంటే బోన్సాయ్ వాళ్ళకు ప్రాణం. ఆకు సన్నగా, దగ్గరగా వస్తుంది కాబట్టి చిన్న చెట్టులో కూడా పెద్ద వృక్షం పోలిక కనిపిస్తుంది. ఇటోయిగావా అన్నది జపాన్‌లోని నీగటా ప్రాంతపు ఊరి పేరు. అక్కడి కొండల నుంచి తెచ్చిన చెట్ల వల్ల ఆ రకానికి ఆ పేరు నిలిచింది.

"రెడీమేడ్ బోన్సాయ్" అని చిన్న కుండీలో అమ్మే వాటి కంటే, తోటల కోసం నల్ల ప్లాస్టిక్ కుండీల్లో పెంచిన మామూలు నర్సరీ మొక్కే మేలని నా అభిప్రాయం. రెడీమేడ్ వాటిలో చాలావరకు ఏడాదో రెండేళ్ళో వయసున్న కొమ్మకు ఎస్ ఆకారంలో వైరు చుట్టి అమ్మేవే. కొన్నిటికి మట్టి మీద గులకరాళ్ళు జిగురుతో అతికించి ఉంటాయి. అలాంటిది ఇప్పటికే కొనేసి ఉంటే ముందు ఆ రాళ్ళు ఊడదీయండి. తరువాత కుండీ అడుగున కన్నం ఉందో లేదో చూడండి. లేకపోతే నీళ్ళు ఎంత జాగ్రత్తగా పోసినా లాభం లేదు.

నర్సరీలో మొక్క చూసేటప్పుడు పైన ఎంత గుబురుగా ఉందన్నది పక్కన పెట్టి, మొదలు దగ్గర పై మట్టిని వేలితో రెండు అంగుళాలు తవ్వండి. కాండం కిందికి వెళ్ళేకొద్దీ లావవుతూ, వేళ్ళు నాలుగు వైపులా విచ్చుకుని ఉంటే అది తీసుకోవలసిన మొక్క. కాండంలో ఇప్పటికే ఒక వంపు ఉంటే ఇంకా మంచిది. కింది కొమ్మలు బతికి ఉన్నాయా, లోపలి వైపు పచ్చటి రెమ్మలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. జూనిపర్ మోడు కొమ్మ మీద కొత్త చిగురు వేయడం చాలా అరుదు. ఆకు లేని కొమ్మను చూపించి "తరువాత వస్తుందిలే" అంటే నమ్మకండి.

బతికి ఉందో లేదో పోల్చుకునే పద్ధతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. ఆరోగ్యంగా ఉన్న రెమ్మల కొసలు మిగతా ఆకు కంటే లేత రంగులో, కొద్దిగా మెరుస్తూ ఉంటాయి. ఆకును వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా వంగి మళ్ళీ లేస్తుంది. పోయిన చెట్టు ఆకు పచ్చగానే ఉన్నా ఆ పచ్చదనంలో కళ ఉండదు, బూడిద పూసినట్టు ఉంటుంది. నలిపితే పెళుసుగా విరిగి రాలుతుంది. అనుమానంగా ఉంటే ఒక సన్నటి రెమ్మ బెరడును గోటితో గీకండి. లోపల తడిగా, పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

బయటే ఉంచాలి

జూనిపర్ ఇంట్లో పెంచే మొక్క కాదు. కిటికీ పక్కన, టీపాయ్ మీద, ఏసీ గదిలో అది నెలల్లో నీరసించి పోతుంది. పైన చెప్పినట్టు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి "మా ఇంట్లో బాగానే ఉంది" అనే భ్రమ కొన్నాళ్ళు నడుస్తుంది. దానికి రోజుకు కనీసం నాలుగైదు గంటల నేరుగా పడే ఎండ, ఆడే గాలి కావాలి. ఎండలు మండిపోయే చోట మధ్యాహ్నం తరువాత కాస్త నీడ చాలు. అక్కడ ఆకు కంటే కుండీ వేడెక్కి వేళ్ళు ఉడికిపోవడమే అసలు ప్రమాదం.

చలికాలంలో చెట్టు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతి దానికి అవసరం, చలి అని లోపలికి తేవద్దు. చలికి ఆకు రాగిరంగుకో, ఊదా రంగుకో తిరిగితే టెన్షన్ పడక్కర్లేదు, ఎండలు ముదిరేసరికి మళ్ళీ పచ్చబడుతుంది. నీళ్ళు గడ్డకట్టే ప్రాంతాల్లో మాత్రం వేళ్ళను కాపాడాలి. నేలలో ఉన్న చెట్టు తట్టుకునే చలిని లోతు లేని కుండీలోని వేళ్ళు తట్టుకోలేవు. కుండీని నేలలో పాతడమో, చుట్టూ ఎండుటాకులు కప్పడమో చేసి చలిగాలి నుంచి మరుగున పెడితే సరిపోతుంది.

నీళ్ళు

రోజుకోసారి, రెండు రోజులకోసారి అనే లెక్క పెట్టుకోకండి. పై మట్టి ఆరి, ఒక సెంటీమీటరు లోపల ఇంకా కొద్దిగా తడి ఉన్నప్పుడు పోయాలి. పోసేటప్పుడు మాత్రం అడుగు కన్నాల నుంచి బాగా కారేదాకా పోయాలి. రోజూ పైపైన చిలకరిస్తే పైన తడి, లోపల పొడి. లోపల తడి తెలియకపోతే ఒక వెదురుపుల్లను మట్టిలోకి గుచ్చి వదిలేయండి. నీళ్ళు పోసే ముందు దాన్ని లాగి చూస్తే తడి ఎంత లోతులో ఉందో రంగే చెబుతుంది. కాస్త పొడిని జూనిపర్ ఓర్చుకుంటుంది, ఎప్పుడూ నానుతూ ఉండే మట్టిని ఓర్చుకోదు. పూర్తిగా ఎండిపోతే మాత్రం కోలుకోదు.

రూపం ఎలా నిర్ణయించాలి

కత్తెర పట్టుకునే ముందు చెట్టును కంటి ఎత్తున పెట్టి చుట్టూ తిప్పి చూడాలి. ఇది ఒక గంట పట్టినా ఫర్వాలేదు, వారం పట్టినా ఫర్వాలేదు. మొదలు ఏ వైపు నుంచి వెడల్పుగా కనబడుతోంది, కాండం వంపు ఏ వైపు నుంచి బాగుంది, పైభాగం కొద్దిగా మన వైపు వంగినట్టు ఎటు నుంచి కనిపిస్తోంది. ఈ మూడూ కలిసే వైపు చెట్టుకు ముందుభాగం. మూడూ కుదరకపోతే మొదలుకీ వంపుకీ ప్రాధాన్యం ఇవ్వండి. కొమ్మలను తరువాత కావలసిన చోటికి తిప్పుకోవచ్చు, మొదలును మార్చలేం.

నిటారుగా పెరుగుతూ వంపులు తిరిగిన రూపాన్ని జపనీయులు మొయోగి అంటారు. పక్కకు వాలితే షకాన్, కుండీ అంచు దాటి కిందికి జారితే కెంగై. పాకే రకం కాబట్టి ప్రోకంబెన్స్‌కు కెంగై తేలిగ్గా కుదురుతుంది. ఇవన్నీ చూపుకు దారి చూపే పేర్లే తప్ప చట్టాలు కావు. "మొదటి కొమ్మ ఎత్తులో మూడో వంతు దగ్గర ఉండాలి" అనేదీ అంతే. చెట్టు తనంతట తాను ఒక వైపు వాలుతుంటే దాన్ని నిలబెట్టాలని పట్టుబట్టడం దండగ పని.

కత్తిరింపు

ఒకే చోట నుంచి మూడు నాలుగు కొమ్మలు పుట్టుకొస్తే ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయాలి, లేకపోతే ఆ చోట కాండం బుడిపెలా ఉబ్బుతుంది. తరువాత ప్రతి కొమ్మ కింద వేలాడే రెమ్మలు, పైకి నిటారుగా లేచిన రెమ్మలు, పంగల్లో ఇరుక్కుని మొలిచినవి తీసేయండి. కొమ్మ పక్కలకు పెరిగిన రెమ్మలు ఉంచండి. ఇలా శుభ్రం చేస్తే వైరు చుట్టడానికి చోటు, లోపలికి వెలుతురు రెండూ దొరుకుతాయి.

అయితే కొమ్మ లోపలి వైపు, కాండానికి దగ్గరగా ఉన్న చిన్న చిన్న రెమ్మలను బలహీనంగా ఉన్నాయని గిల్లేయకండి. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. బలమంతా కొసల్లో ఉంచి లోపలంతా ఖాళీ చేస్తారు. చూడటానికి తేటగా ఉంటుంది కానీ, నాలుగేళ్ళ తరువాత కొమ్మను పొట్టి చేద్దామంటే ఎక్కడా పచ్చటి రెమ్మ ఉండదు. లోపలి రెమ్మలే ఆ కొమ్మ భవిష్యత్తు.

ఒక్కసారిగా మొత్తం ఆకులో మూడో వంతు కంటే ఎక్కువ తీయవద్దు. జూనిపర్ బలం ఆకులోనే ఉంటుంది. ఏ కొమ్మనైనా పూర్తిగా బోడి చేస్తే ఆ కొమ్మ ఎండిపోతుంది. పొలుసుల రకాన్ని మరీ ఎక్కువ కత్తిరిస్తే ఇంకో వింత జరుగుతుంది: కొత్తగా వచ్చే ఆకు మెత్తటి పొలుసులుగా కాకుండా చిన్నప్పటి సూదులుగా వస్తుంది. చెట్టు ఇబ్బంది పడిందనడానికి అది గుర్తు. మళ్ళీ పొలుసుల్లోకి రావడానికి ఒక ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఆ సూదుల్ని కోపంతో కత్తిరించేస్తే ఇంకా సూదులే వస్తాయి.

కొసలను గోటితో గిల్లే పద్ధతి పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. దాన్ని మానేయడం మంచిది. గిల్లిన ప్రతి కొసా గోధుమరంగుకు తిరుగుతుంది, పైగా పెరుగుదల ఉండేదే కొసల్లో కాబట్టి పదేపదే గిల్లితే చెట్టు నీరసిస్తుంది. రెమ్మ గుబురు అంచు దాటి సాగేదాకా ఆగండి. తరువాత సన్నటి మొన ఉన్న కత్తెరతో ఆకును కాకుండా, ఆకుల మధ్య కనిపించే చిన్న పుల్లను, పక్క రెమ్మ మొదలైన చోట కత్తిరించండి. కోత ఎక్కడ పడిందో బయటికి తెలియకూడదు.

వైరు చుట్టడం

ఆకారం ఇచ్చేది కత్తెర కంటే వైరే. రాగి వైరు తక్కువ మందంతోనే గట్టిగా పట్టుకుంటుంది, కానీ చుట్టేకొద్దీ బిర్రబిగుస్తుంది, తప్పు చుడితే సరిచేయడం కష్టం. నేర్చుకునేవాళ్ళకు అల్యూమినియమే సుఖం. వైరు మందం కొమ్మ మందంలో దాదాపు మూడో వంతు ఉండాలి. కొమ్మను చేత్తో మెల్లగా నొక్కి, వైరును కూడా అలాగే వంచి చూస్తే, వైరు కాస్త ఎక్కువ మొండిగా అనిపించాలి.

సరైన కాలం శరదృతువు చివరి నుంచి వసంతం మొదలయ్యేలోపు. ఎదుగుదల ఊపు మీద ఉన్న నెలల్లో బెరడుకీ కట్టెకీ మధ్య పొర తడితడిగా, జారుడుగా ఉంటుంది. అప్పుడు గట్టిగా వంచితే పైకి ఏమీ కనబడకుండానే బెరడు లోపల విడిపోతుంది.

రెండు కొమ్మలకు ఒకే వైరు వాడండి. మధ్యభాగాన్ని కాండం చుట్టూ కనీసం ఒక చుట్టు తిప్పి, ఒక కొస ఒక కొమ్మకూ రెండో కొస రెండో కొమ్మకూ వెళ్ళాలి. ఇలా అయితే ఒకదాన్ని వంచినప్పుడు ఇంకొకటి కదలదు. చుట్లు సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా, ఒకదానికొకటి సమాన దూరంలో పడాలి. కొమ్మకు ఆనుకుని ఉండాలి కానీ బిగుసుకోకూడదు. కింద ఆకు ఇరుక్కుంటే ఆగి బయటికి తీయండి. కొమ్మను కుడివైపు మెలిపెట్టదలుచుకుంటే చుట్టడం కూడా కుడివైపే. లేకపోతే వంచేటప్పుడు వైరు వదులైపోతుంది. వంపు బయటి అంచు మీద ఒక చుట్టు తప్పకుండా ఉండాలి, కొమ్మ విరిగేది అక్కడే.

వంచేటప్పుడు రెండు చేతుల బొటనవేళ్ళూ వంపు లోపలి వైపు ఆనించి, మిగతా వేళ్ళు బయటి వైపు పెట్టి, కొద్దికొద్దిగా నొక్కాలి. చిన్న చప్పుడు వినిపిస్తే అక్కడే ఆపేయండి. బెరడు పూర్తిగా తెగకపోతే జూనిపర్ చాలావరకు మాన్పుకుంటుంది. బొటనవేలి కంటే లావైన కొమ్మ అయితే నీళ్ళలో నానబెట్టిన రాఫియా నారను ముందు బిగించి చుట్టి, దాని మీద వైరు వేయాలి. అప్పటికీ ఒకే రోజు కోరుకున్నంతా వంచక్కర్లేదు. కొంత వంచి, లాగే వైరుతో కుండీకి కట్టి, కొన్ని వారాల తరువాత ఇంకొంచెం లాగవచ్చు.

కొమ్మలు కిందికి వాలాలి, ఎందుకంటే వయసు మీదపడ్డ చెట్టు కొమ్మలు బరువుకు అలాగే వాలతాయి. కొమ్మ చివరి గుబురు మాత్రం బోర్లించిన అరచేయిలా, కింద చదునుగా పైన కాస్త ఉబ్బుగా రావాలి. గుబురుకీ గుబురుకీ మధ్య ఖాళీ వదలడం మరిచిపోకండి. ఉండలు ఉండలుగా గుండ్రంగా కత్తిరించిన జూనిపర్లు చూస్తే నాకు తోట కంచెలే గుర్తొస్తాయి.

వైరు ఎన్నాళ్ళు ఉంచాలి? జూనిపర్ కొమ్మ వంగినంత తేలిగ్గా కుదురుకోదు. ఆరు నెలల నుంచి ఏడాది పైన పట్టవచ్చు, తీశాక కాస్త వెనక్కి వస్తే మళ్ళీ చుట్టాలి. అంతకంటే ముందే వైరు బెరడులోకి దిగడం మొదలైతే ఆగకుండా తీసేయాలి. ఎదిగే కాలంలో రెండు వారాలకోసారి చూడండి. మొదట దిగేది పైకొమ్మల్లో, బలమైన చోట. తీసేటప్పుడు వైరు మిగులుతుందని విప్పకండి, ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీయండి. విప్పేటప్పుడు విరిగిన కొమ్మలు చుట్టేటప్పుడు విరిగిన వాటికంటే ఎక్కువే ఉంటాయి.

తెల్లటి ఎండుకట్టె: జిన్, షారి

కొండ అంచుల్లో మంచు బరువుకు, పిడుగులకు, రాళ్ళ దెబ్బలకు జూనిపర్ సగం చచ్చి సగం బతుకుతుంది. చచ్చిన సగం ఎండకు వెలిసి తెల్లగా మిగులుతుంది. కట్టె గట్టిది కాబట్టి త్వరగా కుళ్ళదు. ఆ రూపాన్ని కుండీలో తెచ్చేదే ఈ పని. ఎండిన కొమ్మను జిన్ అంటారు, కాండం మీద బెరడు తీసిన చారను షారి అంటారు.

జిన్ తేలిక. తీసేయదలుచుకున్న కొమ్మను మొదలంటా కోయకుండా కొంత పొడవు ఉంచి, మొదట్లో చుట్టూ గాటు పెట్టి, ప్లయర్‌తో బెరడు నొక్కి లాగేయండి. ఎదిగే కాలంలో ఇది ఒలిచినట్టు వచ్చేస్తుంది. తరువాత కొసను ప్లయర్‌తో పట్టుకుని పీచు వెంట చీల్చి లాగితే, కత్తితో చెక్కినట్టు కాకుండా దానంతట అది విరిగినట్టు ఉంటుంది.

షారి దగ్గర ఆచితూచి వెళ్ళాలి. జూనిపర్‌లో ఒక వైపు వేరు దాదాపు అదే వరసలో ఉన్న కొమ్మలనే పోషిస్తుంది. కాండం మీద ఆ జీవనాడి ఎలా మెలికలు తిరిగి పైకి పోతోందో ముందు చూసుకోవాలి. పైన పెచ్చులుగా లేచిన పాత బెరడును మెత్తటి బ్రష్‌తో తోమితే ఎర్రటి గోధుమరంగులో ఉబ్బెత్తుగా అది కనబడుతుంది. దాన్ని అడ్డంగా కోస్తే పైన ఉన్న కొమ్మ పోతుంది. చాక్‌పీసుతో గీత గీసుకుని, రెండు నాడుల మధ్య, మెలిక వెంటే సన్నటి చార తీయండి. ఏడాది తరువాత చెట్టు బలంగా ఉంటే కొద్దిగా వెడల్పు చేయవచ్చు. జపాన్ బోన్సాయ్ కళాకారుడు మసాహికో కిమురా లాంటి ఉద్దండులు కరెంటు పనిముట్లతో కాండాలనే చీల్చి వంచుతారు. అది చూసి మొదటి చెట్టు మీద ప్రయోగం చేయకండి.

తెలుపు నిలవడానికి లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిసిన ద్రావణం) పూస్తారు. కట్టెను కొద్దిగా తడిపి, ఎండ ఉన్న రోజు బ్రష్‌తో రాయాలి. రాసినప్పుడు పసుపుగా ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. కుళ్ళిన గుడ్ల కంపు వస్తుంది, అందుకని బయటే చేయండి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు, మట్టి మీద ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. యాసిడ్ ఏదైనా దానితో కలిస్తే విషవాయువు వస్తుంది కాబట్టి పాత్రల విషయంలోనూ జాగ్రత్త.

కుండీ మార్చడం

వసంతం మొదట్లో కొసలు లేతరంగుకు తిరుగుతున్నప్పుడు చేయాలి. లేత చెట్టుకు రెండు మూడేళ్ళకోసారి, ముదురు చెట్టుకు నాలుగైదేళ్ళకోసారి చాలు. నీళ్ళు ఇంకడానికి చాలాసేపు పడుతుంటే సమయం వచ్చినట్టు.

తోట మట్టి వద్దు. అకడమా (గింజలుగా దొరికే జపాన్ బంకమట్టి), ప్యూమిస్ (తేలికైన నురగ రాయి), లావా రాయి సమపాళ్ళలో కలిపిన మిశ్రమం మంచిది. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల గింజ ఉండేలా జల్లెడ పట్టి, కింద పడిన పొడి పారేయండి. ఆ పొడే గాలి ఆడే సందుల్ని మూసేస్తుంది. అకడమా దొరకనిచోట బాగా కాలిన ఇటుక ముక్కలు అదే కొలతలో వాడుకోవచ్చు.

నర్సరీ మట్టి మొత్తం ఒకేసారి కడిగేసి వేళ్ళు బోడి చేయవద్దు. వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రం తెల్లటి బూజులా ఆ మట్టిలో ఉంటుంది, అది చెట్టుకు తోడు. ముద్దలో ఒక సగం మాత్రమే పుల్లతో దులిపి కొత్త మట్టి నింపండి, రెండో సగం జోలికి వెళ్ళకండి. దాన్ని వచ్చేసారి చూసుకోవచ్చు. తీసే వేళ్ళు మూడో వంతు దాటకూడదు. లావుగా కిందికి దిగినవి కత్తిరించండి, సన్నటి పీచు వేళ్ళు ఉంచండి. అడుగు కన్నాల మీద మెష్ వేసి, అందులోంచి వైరు తీసి, చెట్టును కుండీకి కదలకుండా కట్టేయాలి. ఊగే చెట్టుకు కొత్త వేళ్ళు తెగిపోతూనే ఉంటాయి. మట్టిని పుల్లతో పొడుస్తూ సందులు నింపి, కింద నుంచి తేట నీళ్ళు వచ్చేదాకా పోయండి. రెండు మూడు వారాలు ఎదురుగాలి, మండే ఎండ తగలనివ్వకండి. ఎరువు నెల దాటాకే. ఆ తరువాత కొత్త చిగుర్లు సాగుతుంటే సేంద్రియ ఎరువు ఉండలు మట్టి మీద పెట్టి, వసంతం నుంచి శరదృతువు దాకా కొనసాగించవచ్చు.

ఆకు రంగు మారితే

లోపలి వైపు పాత ఆకు గోధుమరంగుకు తిరిగి రాలడం మామూలే, చేత్తో దులిపేయండి. చెట్టంతా మెరుపు తగ్గి, సన్నటి పసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లిని అనుమానించాలి. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద ఒక కొమ్మను తట్టండి. ధూళిలాంటి చుక్కలు నడుస్తుంటే అవి నల్లులే. ఆకు కింది వైపు తగిలేలా నీళ్ళ ధార గట్టిగా కొట్టి, తోట నూనె (మొక్కల పురుగులకు వాడే హార్టికల్చరల్ ఆయిల్) పిచికారీ చేసి, వారం తరువాత మళ్ళీ చేయాలి, ఎందుకంటే మొదటిసారి గుడ్లు మిగిలిపోతాయి.

వానల్లో లేత కొసలు మాత్రమే ఎండుతుంటే అది తెగులు. తడి లేని రోజున ఆరోగ్యంగా ఉన్న చోటిదాకా కత్తిరించి, ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. కొమ్మ మీద నారింజరంగు జిగురు కొమ్ముల్లా లేస్తే అది తుప్పు తెగులు. ఇది ఆపిల్, పియర్ జాతి చెట్లకూ జూనిపర్‌కూ మధ్య తిరుగుతుంటుంది కాబట్టి, రెండిటినీ దగ్గర దగ్గర పెట్టవద్దు.

ఒక కొమ్మ మాత్రమే పూర్తిగా ఎండితే వెంటనే కోసేయకండి. కాండం మీద దాని నాడి వెంట కిందికి చూసుకుంటూ వెళ్ళి, బెరడు ఎక్కడిదాకా చచ్చిందో గోటితో గీకి తెలుసుకోండి. ఒక సీజన్ గడిచి, పక్క నాడి బలంగానే ఉందని తేలాక, ఆ కొమ్మ జిన్ అవుతుంది, ఎండిన చార షారి అవుతుంది.